సోమశిల రేవులో మా పడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పడవ ఎక్కి కూర్చోగానే జనం అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇంజన్ చప్పుడులో మా జవాబు సగమే చేరుతుంది. అందుకే తీరికగా ఇక్కడ రాస్తున్నాం. సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో, కృష్ణ ఒడ్డున ఉంది. మా తాత, మా నాయిన, ఇప్పుడు మేము, మూడు తరాలుగా ఈ నీళ్ల మీదే బతుకుతున్నాం.

సముద్రానికి ఇంత దూరంలో, పాలమూరులో షికారు పడవలేంటి?

పాలమూరు అనగానే కరువు, వలస గుర్తుకొస్తాయి అందరికీ. కానీ కృష్ణమ్మ తెలంగాణలో అడుగు పెట్టేది పాత పాలమూరు జిల్లాలోనే. తంగిడి దగ్గర భీమానదిని కలుపుకొని, జూరాల దాటి, గద్వాల, వనపర్తి అంచుల వెంట పారి, సంగమేశ్వరం దగ్గర తుంగభద్రతో కలిసి మా ఊరి ముందుకు వస్తుంది. ఇక్కడి నుంచి శ్రీశైలం దాకా నల్లమల కొండల మధ్య నిలిచినవన్నీ డ్యామ్ నీళ్లు. వాన బాగా పడిన ఏడు మా రేవులో నిలబడితే అవతలి ఒడ్డున మనిషి కనిపించడు. అంత నీరున్నచోట పడవ ఉంటుంది, పడవ ఉన్నచోట దాన్ని నడిపే ఇల్లు ఉంటుంది.

మొదట మీవాళ్లు ఏం నడిపేవారు?

పుట్టి, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. డ్యామ్ రాకముందు ఈ ఏట్లో ఎక్కువగా తిరిగినవి పుట్లే. ఇప్పటికీ మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం శ్రీపాద శ్రీవల్లభుని క్షేత్రానికి భక్తులు పుట్టిలోనే దాటుతుంటారు.

పుట్టి వయసు చిన్నది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద గుండ్రటి పడవలు చూశానని రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారని, తెడ్డు వేస్తుంటే గిరగిర తిరుగుతూ పోతాయని ఆయన మాట. ఆ తిరుగుడు చదివినప్పుడు నాకు మా తాతే కళ్లకు కట్టాడు. కొత్తగా తెడ్డు పట్టినవాడి చేతిలో పుట్టి అట్లాగే తిరుగుతుంది. తెలిసినవాడు ముందు వైపు మోకాళ్ల మీద కూర్చొని, తెడ్డును నీళ్లలోకి దించి తన వైపు లాక్కుంటాడు. ఒకసారి కొంచెం ఎడమకు, ఒకసారి కొంచెం కుడికి. అప్పుడు పుట్టి తిరగకుండా ముందుకు సాగుతుంది. ఇది నోటితో చెప్తే రాదు, చేతికి రావాలి.

పుట్టి చేయడానికి వెదురు నల్లమల నుంచి వచ్చేది. మేదరివాళ్లు బద్దలు చీల్చి, నానబెట్టి, అడుగు భాగం దట్టంగా, అంచులు వంపుగా అల్లేవారు. చుట్టూ లావుపాటి వెదురుతో కట్టు వేసేవారు. మా తాత చిన్నప్పుడు పైన బర్రె తోలు కప్పేవారట. తర్వాత ఎరువుల సంచులు కలిపి కుట్టి, మీద డాంబరు పూయడం మొదలైంది. తోలు పుట్టిని తడిసిన తర్వాత ఎండలో ఆరబెట్టకపోతే కుళ్లేది. డాంబరు పుట్టికి ఆ బాధ లేదు గానీ ఎండాకాలం డాంబరు కరిగి లుంగీకి అంటుకునేది. మా అవ్వ దాని మీద తాతను తిట్టని రోజు లేదని నాయిన చెప్పేవాడు.

ప్రవాహానికి ఎదురు పోలేరు కాబట్టి, అవతల దిగాల్సిన చోటు కంటే చాలా ఎగువ నుంచి పుట్టిని వదిలేవారు. ఏరే దిగువకు తీసుకుపోతుంటే అడ్డంగా లాక్కుంటూ దాటడమే పని. దిగిన తర్వాత పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకొని, ఒడ్డు వెంట మళ్లీ ఎగువకు నడిచిపోవాలి. ఒక్క దాటుడుకు నీళ్ల మీద ఎంత కష్టమో నేల మీదా అంత కష్టం.

శ్రీశైలం డ్యామ్ వచ్చాక ఏం మారింది?

అన్నీ మారాయి. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. పని సాగుతూ సాగుతూ దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో కలిపి దాదాపు వంద ఊళ్లు నీళ్ల కింద పోయాయి. ఏటి ఒడ్డు నల్లరేగడి, మూడు పంటలు పండే భూములు, బావులు, మామిడి తోటలు, బొడ్రాయిలు, ఊరి దేవతల గద్దెలు అన్నీ అందులోనే ఉన్నాయి. మా తాత ఊరూ అందులోనే ఉంది.

ఇళ్లు వదిలి వెళ్లేటప్పుడు జనం గోడలు కూల్చి, దూలాలు, వాసాలు, దర్వాజలు పీక్కొని బండ్లకెత్తారు. కట్టెకే విలువ, మట్టి గోడకు ఏముంది? మా ఇంటి టేకు దూలం అట్లా కొత్త ఊరికి వచ్చింది. దాన్ని కోయించి, మా మొదటి నాటు పడవకు అడ్డపట్టెలు వేయించాడు తాత. ఆ పట్టెల్లో ఒకటి ఇప్పటికీ మా దగ్గరుంది. మేకులు కొట్టిన రంధ్రాలు, ఉయ్యాల కొక్కెం దిగిన గుంత కనిపిస్తాయి. మా నాయినను ఊపిన ఉయ్యాల అది. చూపించమని అడిగితే చూపిస్తాం.

నీళ్లు నిలిచాక పుట్టితో పని సాగలేదు. ముందు ఏరు సన్నగా, ఎండాకాలంలో మోకాలి లోతున ఉండేది. ఇప్పుడది వెడల్పాటి చెరువై కూర్చుంది. ప్రవాహం ఆగింది, కానీ గాలి మొదలైంది. కొండల మధ్య నుంచి గాలి వీస్తే పుట్టి అంచు దాటి నీళ్లు లోపలికి వస్తాయి. అందుకని చెక్క పడవలు వచ్చాయి, తర్వాత ఇనుపరేకు పడవలు, ఆ తర్వాత ఫైబర్ పడవలు. చెక్క పడవ సందుల్లో దూది కూరి, గుగ్గిలం కరిగించి పోసేవారు. ఏటా ఎండాకాలం ఒడ్డుకు లాగి, పాతది గీకి మళ్లీ పోయాలి. మాకిప్పుడు ఆ పని లేదు, ఆ వాసన మాత్రం గుర్తుంది.

దాటేవాళ్లు మాత్రం తగ్గలేదు, పెరిగారు. ఊళ్లు రెండు ఒడ్లకూ చెదిరాయి. అక్క ఇవతల, తమ్ముడు అవతల. ఒక ఒడ్డున పెళ్లి అయితే రెండో ఒడ్డు నుంచి చుట్టాలు రావాలి. రోడ్డు మీద పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి. ఆ రోజుల్లో మా పడవలో మనుషులతో పాటు మేకలు, ధాన్యం బస్తాలు, సైకిళ్లు, ఒకసారి పెళ్లి బాజా మొత్తం కూడా దాటింది.

గుడులు కూడా మునిగిపోయాయా?

కొన్ని మునిగాయి, కొన్నింటిని రాయి రాయి విప్పి ఎత్తైన చోటికి తెచ్చి మళ్లీ కట్టారు. మా ఊళ్లో లలితా సోమేశ్వరాలయం అట్లా వచ్చిందే. కొల్లాపూర్ పట్టణంలో మాధవస్వామి గుడి ఒకప్పుడు మంచాలకట్టలో ఉండేది. కూడలి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించారు. పురావస్తు శాఖవాళ్లు ఒక్కో రాయికి అంకె వేసి విప్పిన పని అది. గుడి గోడల మీద ఆ అంకెలు కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తాయి. వచ్చినప్పుడు చూడండి, ఎవరూ చెప్పరు కాబట్టి చాలామంది పట్టించుకోరు.

నీళ్లలోంచి బయటపడే సంగమేశ్వరం గుడి ఎప్పుడు చూడొచ్చు?

అది మాకు ఎదురు ఒడ్డున, ఆంధ్ర వైపు ఉంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు బాగా దిగాక ముందు శిఖరం, తర్వాత మెల్లగా గుడి మొత్తం తేలుతుంది. సాధారణంగా ఎండాకాలం రోజులు. వానలు పడి ఎగువ నుంచి వరద రాగానే మళ్లీ మునుగుతుంది. ఒక ఏడు ఎక్కువ రోజులు, ఒక ఏడు కొద్ది రోజులు, అంతా ఎగువ నీళ్ల మీద ఉంటుంది. లోపలి లింగం వేప మొద్దు. కాశీ నుంచి లింగం తెస్తానని పోయిన భీముడు ఆలస్యం చేస్తే ధర్మరాజు వేపను ప్రతిష్ఠించాడని కథ. ఇన్నేళ్లుగా నీళ్లలో నానుతున్నా అది చెడలేదు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాశి ఏడు నదులూ అక్కడ కలుస్తాయని అంటారు.

దాటించే పడవ షికారు పడవ ఎప్పుడైంది?

ఒక రోజని చెప్పలేం. శివరాత్రికి సంగమేశ్వరం పోయే భక్తులను తీసుకుపోవడం నాయిన కాలం నుంచే ఉంది. వాళ్లే తిరిగి వచ్చేటప్పుడు 'కాసేపు అటు కొండల్లోకి తిప్పు నాయినా' అని అడగడం మొదలుపెట్టారు. 2004 కృష్ణా పుష్కరాలకు దూరం నుంచి జనం వచ్చారు. 2016 ఆగస్టు పుష్కరాలకు సోమశిల పెద్ద ఘాటు అయింది, రోడ్డు బాగుపడింది. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు కార్లు రావడం మామూలైపోయింది.

నాయినకు ఇది చాలా రోజులు మింగుడు పడలేదు. పని మీద పోయే మనిషిని దాటించడం ఆయన దృష్టిలో వృత్తి, ఊరికే తిప్పి తీసుకురావడం వృత్తి కాదు. ఒక రోజు ఒక ముసలాయన కొడుకు కుటుంబంతో వచ్చి పడవెక్కాడు. ఏటి మధ్యలో ఆపమన్నాడు. రెండు కొండలను గుర్తు పెట్టుకొని, 'ఇదిగో, ఇక్కడే మా ఊరి చింతచెట్టు' అని కిందికి చూపించి, మనవరాలి చేత నీళ్లలో పూలు వేయించాడు. నాయిన కిరాయి తీసుకోలేదు. ఆనాటి నుంచి షికారును తక్కువ చేసి మాట్లాడలేదు. ఇప్పటికీ ముంపు ఊళ్లవాళ్లు తమ ఊరు ఉన్నచోటికి పోవాలంటే మేము కిరాయి అడగం.

2007లో ఇక్కడ ప్రమాదం జరిగిందంటారు, నిజమేనా?

నిజం. 2007 జనవరిలో మంచాలకట్ట, నెహ్రూనగర్‌ల మధ్య పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. అది మా పడవ కాదు. కానీ పోయినవాళ్లు మా రేవు జనమే, మాకు ముఖం తెలిసినవాళ్లే. ఆ రోజుల్లో ఏ రేవులో ఎవరి ఇంటికి పోయినా ఏడుపే. నీళ్లు ఎంత తెలిసినవాడైనా నీళ్లకు భయపడాలని మాకు తెలిసింది అప్పుడే కాదు గానీ, ఆ భయం ఎముకల్లో దిగింది అప్పుడే.

పడవ మునగడానికి సాధారణంగా కారణాలు రెండు. ఒకటి, పట్టేవాళ్ల కంటే ఎక్కువ మంది ఎక్కడం. రెండు, అందరూ ఒక్కసారి ఒకే పక్కకు జరగడం. ఫోటో కోసం అందరూ ఒక వైపు వంగితే పెద్ద పడవ కూడా ఒరుగుతుంది. అందుకే మా పడవలో ముందు నాయిన పెట్టిన మూడు నియమాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. పడవ పక్కన గీసిన ఎర్ర గీత నీళ్లలో మునిగితే ఆఖరుగా ఎక్కినవాళ్లు దిగాలి, వాళ్లు ఎవరైనా సరే. గాలి లేచి నీళ్ల మీద తెల్ల నురగ కనిపిస్తే పడవ కట్టేస్తాం. పొద్దు గూకాక రేవు దాటం. ఈ మూడింటిలో ఒక్కటి మార్చమని అడిగినా మేము ఒప్పుకోం. పండగ రోజు మంది ఎక్కువున్నప్పుడు తెలిసినవాళ్లే 'ఇంకో ఇద్దరే కదా అన్నా' అంటారు. ఆ ఇద్దరి దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు ప్రమాదం తర్వాత అన్నిచోట్లా తనిఖీలు పెరిగాయి. అంతకు ముందు 1917 నాటి చట్టం ఉండేది, దాని స్థానంలో 2021లో కొత్త అంతర్గత జలయానాల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, పడవ పరీక్ష, నడిపేవాడికి పత్రం అన్నీ ఉండాలి. ఇది బరువని కొందరు పడవవాళ్లు అంటారు. బరువే, కానీ కాగితం అడిగే రేవులో శవాలు తక్కువ తేలతాయి.

లైఫ్ జాకెట్ తప్పదా? నాకు ఈత వచ్చు.

తప్పదు. బావి ఈత, ఈ నీళ్లు ఒకటి కాదు. కింద పాత చెట్ల మోళ్లు, గోడలు, తీగలు ఉంటాయి. జాకెట్ కట్టు బిగించకుండా భుజాల మీద వేసుకుంటే వేసుకోనట్టే.

శ్రీశైలం పోయే లాంచీ మీదేనా?

కాదు, అది పర్యాటక శాఖది. సోమశిల నుంచి శ్రీశైలానికి నల్లమల గుండా దాదాపు రోజంతా పట్టే ప్రయాణం. నీటిమట్టం సరిపోయిన నెలల్లోనే నడుపుతారు. తేదీలు వాళ్లనే అడగండి. మా చిన్న పడవలు రేవు చుట్టుపక్కల, అమరగిరి వైపు, సంగమేశ్వరం వైపు మాత్రమే తిరుగుతాయి.

నాగార్జునసాగర్ లాంచీలకూ మీ పడవలకూ తేడా ఏమిటి?

అక్కడ లాంచీ మొదటి నుంచీ ఒక చోటు చూపించడానికే పుట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. నీళ్లు నిండేలోపు, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కొండ చుట్టూ నీళ్లు చేరి అది ద్వీపమైంది, దాని మీద మ్యూజియం. అక్కడికి పోవాలంటే లాంచీ ఎక్కాల్సిందే. రెండు రాష్ట్రాలు విడిపోయాక మ్యూజియం ఆంధ్రలో, ఒక రేవు మన నల్లగొండ ఒడ్డున పడ్డాయి. సాగర్ చూడనివాళ్లు తప్పక చూడండి. 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు కూడా ఆ దారిలోనే ఉంది.

ఒక్క మాట మాత్రం అంటాను. సాగర్ కింద మునిగిన రాజధానికి మ్యూజియం ఉంది. శ్రీశైలం కింద మునిగిన మామూలు ఊళ్లకు ఒక బోర్డు కూడా లేదు. మన రేవులో ఆ ఊళ్ల పేర్లన్నీ ఒక రాతి మీద చెక్కించాలని మా కోరిక. ముంపు ఊళ్ల పెద్దలు ఇంకా బతికుండగానే ఆ పని జరగాలి.

సముద్రం మీద పడవకూ దీనికీ పోలిక ఉందా?

ఇది నేను చెప్పడం కంటే మా ఒడ్డున గుడిసెలేసుకొని చేపలు పట్టే విశాఖ వైపు అన్నలు చెప్తేనే బాగుంటుంది. వాళ్లు సముద్రంలో పుట్టి పెరిగి, వేట తగ్గి, శ్రీశైలం, సాగర్ నీళ్లకు వలస వచ్చినవాళ్లు. అక్కడ అల పొడుగ్గా వస్తుంది, ఇక్కడ పొట్టిగా, వెంట వెంటనే తగులుతుంది అంటారు. అక్కడ ఆటు పోట్లు రోజూ ఉంటాయి, ఇక్కడ నీళ్లు ఏడాదికోసారి ఎక్కి, ఏడాదంతా దిగుతాయి. సముద్రంలో ఉప్పు ఇంజన్‌ను తింటుంది, ఇక్కడ ఒండ్రు, మోళ్లు పంకాను తింటాయి. వాళ్ల నుంచి మేము ఫైబర్ పడవ మరమ్మతు నేర్చుకున్నాం. ఏ కొండ పక్కన గాలి ఎప్పుడు తిరుగుతుందో వాళ్లు మా నాయిన దగ్గర నేర్చుకున్నారు.

ఏ నెలల్లో రావాలి?

సెప్టెంబరు చివర నుంచి జనవరి దాకా నీళ్లు నిండుగా, కొండలు పచ్చగా ఉంటాయి. వరద రోజుల్లో రావొద్దు. 2009 అక్టోబరులో వచ్చిన వరద ఇక్కడ ఎవరూ మరవలేదు. శ్రీశైలం మట్టం 885 దాటి 896 అడుగులకు పోయింది, కర్నూలు పట్టణం మునిగింది. ఆ రోజుల్లో మా పడవలు షికారుకు కాదు, ఇళ్ల మీదున్న మనుషులను దింపడానికి తిరిగాయి.

చార్జీ ఎంత?

రేవులో బోర్డు మీద రాసి ఉంటుంది. డీజిల్ ధరను బట్టి మారుతుంది. తమ ఊరు ఉన్నచోటికి పోయే ముంపు ఊళ్లవాళ్లకు తప్ప, అందరికీ ఒకటే.

ఈ పనిలో ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారా?

అమ్మ లేకుంటే ఈ వ్యాపారమే లేదు. లెక్కలన్నీ ఆమెవే. ఎవరు ముందు డబ్బులిచ్చారు, ఏ పడవకు ఎప్పుడు ఆయిల్ మార్చాలి అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఒడ్డున వేయించే బొచ్చె, రవ్వ చేపలు కూడా ఆమె చేతివే. మా చెల్లె తెడ్డు, ఇంజన్ రెండూ నేర్చింది.

సోమశిల వంతెన కడితే మీ పడవలు ఏమవుతాయి?

అందరూ కొంచెం మొహమాటంగా అడిగే ప్రశ్న ఇది. మా జవాబులో మొహమాటం లేదు. వంతెన రావాలి. 2007 తర్వాత ఈ ఒడ్డు జనం అడుగుతూనే ఉన్నారు. 2022 అక్టోబరులో కేంద్రం జాతీయ రహదారి 167కె మీద, సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేసింది. కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషిని పడవలో పడుకోబెట్టి, గాలి తగ్గేదాకా ఒడ్డున ఎదురు చూసిన రాత్రులు నాయిన చెప్పాడు. ఇంకే ఇంటికీ ఆ రాత్రి రాకూడదు. దాటించే కిరాయి పోతే పోతుంది. షికారు ఉంటుంది, చేపలుంటాయి, పిల్లలకు చదువుంది.

సోమశిలకు ఎలా రావాలి?

హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్‌కు బస్సులున్నాయి. కొల్లాపూర్ నుంచి ఆటోలో వస్తే గుడి దగ్గర దింపుతారు. అక్కడి నుంచి మెట్లు దిగితే రేవు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే మెట్ల తర్వాత ఒండ్రు మట్టిలో కొంత నడక ఉంటుంది. పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి, మావాళ్లు ఎదురొచ్చి చేయి పట్టుకొని తీసుకొస్తారు.